గ్యాలరీకి వెళ్లి తక్కువ చూసి రావడం ఎలా?

నేను 18 ఏళ్లుగా ఫ్లెక్సీలు డిజైన్ చేస్తున్నాను. పుట్టినరోజు శుభాకాంక్షలు, అయ్యప్ప పడిపూజ, షాపు ఓపెనింగ్, ఎమ్మెల్యే గారి రాక, సంవత్సరీకం... ఏది కావాలంటే అది, పది నిమిషాల్లో. పసుపు అక్షరాలు, వాటి చుట్టూ ఎర్ర స్ట్రోక్ (అంటే అంచు గీత), దాని చుట్టూ తెల్ల స్ట్రోక్, వెనక నీడ, మూలల్లో పూలు, పైన దేవుడు, కింద పదిహేను ఫేసులు. బండి మీద పోయేవాడి కన్ను ఒక్క సెకను ఇటు తిరగాలి. ఆ సెకను కోసమే ఇంత హంగామా. కాబట్టి కళ్ల అలసట గురించి మాట్లాడే అర్హత నాకుందో లేదో గానీ, ఆ అలసట ఎక్కడ తయారవుతుందో మాత్రం తెలుసు. కొంత మా షాపులోనే తయారవుతుంది.

మొదటిసారి సాలార్‌జంగ్ మ్యూజియానికి మా అక్క పిల్లలిద్దరినీ తీసుకెళ్లాను. పొద్దున పదింటికి లోపలికి వెళ్లి రెండున్నరకు బయటపడ్డాం. అన్నీ చూశాం. కత్తులు, పింగాణీ, ఏనుగు దంతం, చైనా, జపాన్, యూరప్, ఏదీ వదల్లేదు. బయట మొక్కజొన్న పొత్తులు తింటూ "ఏం చూశావురా?" అంటే మేనల్లుడు "గంట కొట్టే బొమ్మ" అన్నాడు. మేనకోడలు "మామయ్యా, కాళ్లు నొప్పి" అంది. నన్నడిగినా అంతకంటే ఎక్కువ చెప్పేవాణ్ని కాదు.

ఆ తర్వాత నాలుగైదేళ్లలో, వెళ్లి వెళ్లి, తప్పులు చేసి చేసి కుదుర్చుకున్న పద్ధతి ఇది. గ్యాలరీకి ఎక్కువ చూడటానికి కాదు, తక్కువ చూడటానికి వెళ్లాలి. ఎక్కువ చూడటం రోజూ ఇంట్లో, రోడ్డు మీద ఎలాగూ జరుగుతోంది. దానికి మళ్లీ టికెట్టు కొనడం ఎందుకు?

ముందు రోజు ఒక లెక్క

వెళ్లే ముందు రోజు, లేచినప్పటి నుంచి మధ్యాహ్నం అన్నం తినేదాకా మీ కంటబడిన బొమ్మలు లెక్కపెట్టండి. బొమ్మ అంటే మీరు చూడాలని ఎవరో తయారుచేసి పెట్టినది ఏదైనా సరే. ఫ్యామిలీ గ్రూపులో శుభోదయం గులాబీ, స్టేటస్‌లు, పాల ప్యాకెట్ మీద ఆవు, క్యాలెండర్‌లో వేంకటేశ్వరస్వామి, ఆటో వెనక హీరో, మెట్రో పిల్లర్ మీద ప్లాట్ల ప్రకటన, లిఫ్ట్‌లో అంటించిన ట్యూషన్ కాగితం, టీవీ చర్చలో నాలుగు డబ్బాల్లో నలుగురు, వాళ్ల కింద పరిగెత్తే అక్షరాలు.

నేను ఈ లెక్క మూడుసార్లు మొదలుపెట్టాను. ఎప్పుడూ టిఫిన్ దాటలేదు, అప్పటికే లెక్క తప్పిపోయేది. మీదీ తప్పుతుంది. తప్పనివ్వండి. ఎక్కడ తప్పిందో మాత్రం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంకో చిన్న ప్రయోగం. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఆ గోరు ఎంత ఉందో, ఇంచుమించు అంత మేర మాత్రమే మన కన్ను ఒకసారికి స్పష్టంగా చూడగలదు. చుట్టూ ఉన్నదంతా మసకే. అందుకే కన్ను సెకనుకు మూడు నాలుగు గెంతులు వేస్తూ ముక్కముక్కలుగా ఏరుకుంటుంది. ఆ గెంతుల్లో ఒకదాన్ని మావైపు లాక్కోవడమే ఫ్లెక్సీవాళ్ల పని. పక్క షాపువాడూ అందుకే కూర్చున్నాడు, మీ జేబులో ఫోనూ అందుకే వణుకుతోంది. సాయంత్రానికి "ఏం పని చేశానని ఇంత నీరసం?" అనిపిస్తుంది చూడండి, రోజంతా ఆ కళ్లను గెంతించారు మరి.

చోటు ఎంచుకోవడం

పెద్ద గ్యాలరీయే మంచిదని అనుకోకండి. మొదటిసారి వెళ్లేవాళ్లకు చిన్నదే నయం.

రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గర్లో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. చిత్రకారుడు దామెర్ల 1897లో పుట్టి, 1925లో మశూచి సోకి పోయాడు. 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిని గుర్తుపట్టి ప్రోత్సహించాడు. తర్వాత దామెర్ల బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, మళ్లీ ఊరికొచ్చి, తనతోపాటు ఇంకొందరికి నేర్పాడు. ఆయన భార్య సత్యవాణి కూడా చిత్రాలు వేసింది. ఒకే ఊరు, ఒకే మనిషి, ఆయన చుట్టూ ఉన్నవాళ్లు. కన్ను తికమకపడదు. పుష్కరాలకో పెళ్లికో రాజమండ్రి వెళ్లి, ఈ గ్యాలరీ పక్కనుంచే ఆటోలో పోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు. మొన్నటిదాకా నేనూ అందులో ఒకణ్ని.

హైదరాబాద్‌లో ఉంటే మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది, మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ ఉంది. బెంగళూరులో ఉన్నవాళ్లకు ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు మాన్షన్‌లోని జాతీయ ఆధునిక కళా గ్యాలరీ మంచి చోటు, చెట్ల కింద కూర్చోవచ్చు కూడా. ఢిల్లీ వెళ్తే ఇండియా గేట్ దగ్గర జైపూర్ హౌస్. అమృతా షేర్‌గిల్ చిత్రాలు ఎక్కువగా అక్కడే ఉన్నాయి. డాలస్‌లో ఉన్న మనవాళ్లకు డాలస్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో, లండన్‌లో ఉన్నవాళ్లకు నేషనల్ గ్యాలరీలో మామూలు ప్రవేశానికి టికెట్టు లేదు. టికెట్టు లేని చోట ఒక పెద్ద సుఖముంది. ఇరవై నిమిషాలుండి వచ్చేసినా డబ్బులు దండగయ్యాయన్న బాధ ఉండదు.

సెలవు రోజు చూసుకోండి. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, ఢిల్లీ, బెంగళూరు జాతీయ గ్యాలరీలకు సోమవారం. వేళలు, కెమెరా టికెట్లు, ఫోన్ల సంగతి మారుతుంటాయి కాబట్టి కౌంటర్‌లో అడగడం మంచిది. ఆదివారం, దసరా సెలవులు, స్కూలు పిల్లల టూర్ల సీజన్ వద్దు. వారం మధ్యలో, పొద్దున తెరవగానే వెళ్తే గదిలో మీరూ, సెక్యూరిటీ మనిషీ మాత్రమే ఉంటారు.

తీసుకెళ్లాల్సినవి, వదిలేయాల్సినవి

నడిచే చెప్పులు. దూరం చూపుకు, దగ్గర చూపుకు రెండు కళ్లజోళ్లుంటే రెండూ. చిన్న నోట్‌బుక్, పెన్సిల్. పెన్ను వద్దు, చాలా చోట్ల బొమ్మల దగ్గర పెన్ను తీస్తే ఊరుకోరు. కడుపు నింపుకుని వెళ్లండి. ఆకలితో వెళ్తే ఎంత గొప్ప చిత్రమైనా ఇడ్లీ ప్లేటు ముందు ఓడిపోతుంది.

ఫోను క్లోక్‌రూమ్‌లో పెట్టగలిగితే పెట్టేయండి. లేదంటే స్విచాఫ్ చేసి బ్యాగు అడుగున వేయండి. సైలెంట్ చాలదు. నా అనుభవంలో సైలెంట్‌లో ఉన్న ఫోను మోగే ఫోనుకంటే ఎక్కువసార్లు బయటికొస్తుంది, ఎవరైనా చేశారేమోనని.

మరి ఫోటో? అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విద్యార్థులను మ్యూజియంలో తిప్పి దీన్ని పరీక్షించింది. ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. వస్తువు మొత్తాన్ని ఫోటో తీసుకున్నవాళ్లకు దాని వివరాలు తక్కువ గుర్తున్నాయి. అదే ఒక భాగాన్ని దగ్గరికి లాగి తీసినవాళ్లకు ఆ నష్టం కనబడలేదు. నేను దీన్ని నా కోసం ఇలా మార్చుకున్నాను: బయటికొచ్చే ముందు, ఫోటో తీయనిచ్చే చోటైతే, ఒకే ఒక్క ఫోటో. అదీ ఒక ముక్కే. ఒక వేలు, ఒక ఆకు, చీర అంచు. మొత్తం బొమ్మ కావాలంటే ఇంటర్నెట్‌లో నాకంటే బాగా తీసినవి ఉన్నాయి.

మొదటి చుట్టు ఆగకుండా

లోపలికి వెళ్లగానే మొదటి బొమ్మ ముందు ఆగిపోవడం అందరూ చేసే పని. ద్వారం దగ్గరున్న నాలుగు బొమ్మల లేబుళ్లు అక్షరం వదలకుండా చదువుతాం, ఐదో గదికి వచ్చేసరికి అద్దాలవైపు కూడా చూడకుండా నడుస్తాం.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో చిత్రం ముందు ఎంతసేపు ఉంటారో ఇద్దరు పరిశోధకులు గడియారం పట్టుకుని లెక్కగట్టారు. 2001లో వచ్చిన ఆ లెక్క ప్రకారం సగటు 27 సెకన్లు. సగం సార్లు 17 సెకన్లకు మించలేదు. సరే, 27 సెకన్లే వేసుకుందాం. వెయ్యి వస్తువులు చూడాలంటే ఏడున్నర గంటలు. సాలార్‌జంగ్‌లో వెయ్యి ఏ మూలకు? అక్కడ 40కి దగ్గరగా గ్యాలరీలున్నాయి. "అన్నీ చూడటం" అనే పని అసలు కుదరదు. అది మన చేతకానితనం కాదు. బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే దీనికి మ్యూజియం అలసట అని పేరుపెట్టి వ్యాసం రాశాడు. వంగి, మెడ చాచి, చతికిలబడి అద్దాల్లోకి చూస్తున్న మనిషి ఫోటోలు వేసి మరీ చూపించాడు. అప్పటికి టీవీ కూడా లేదు.

కాబట్టి మొదటి చుట్టు నడకే. రెండు మూడు గదులు, సంతలో కూరగాయలు కొనే ముందు ఒకసారి అటునుంచి ఇటు తిరిగి వచ్చినట్టు. ఆగొద్దు, లేబుల్ చదవొద్దు. పదిహేను నిమిషాలు చాలు. ఎక్కడో ఒకచోట కాలు తనంతట తాను నెమ్మదిస్తుంది. బాగుందని కావచ్చు, వింతగా ఉందని కావచ్చు, మీ నాయనమ్మ ముక్కుపుడక లాంటిది కనబడి కావచ్చు. కారణం మంచిదా కాదా అని ఆలోచించకండి. అదే మీ బొమ్మ. వెనక్కి వచ్చి దాని ముందు నిలబడండి.

ఏదీ లాగకపోతే? గదిలో బెంచీ ఎక్కడుందో చూసి, బెంచీకి ఎదురుగా ఏముంటే అదే. నేను రెండుసార్లు అలాగే చేశాను, రెండుసార్లూ నష్టపోలేదు.

ఒక్క బొమ్మ, ఇరవై నిమిషాలు

అసలు పనంతా ఇక్కడే. ఉదాహరణకు సాలార్‌జంగ్‌లోని ముసుగు రెబెకాను తీసుకుంటాను, ఎందుకంటే దాని ముందు నేను గడిపినంతసేపు ఇంకే బొమ్మ ముందూ గడపలేదు. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ. మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించింది మూడో సాలార్‌జంగ్, మీర్ యూసఫ్ అలీ ఖాన్. ఈ బొమ్మను మాత్రం ఆయన తాతగారు మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. తెలుగు బైబిల్లో ఈమె పేరు రిబ్కా. పెళ్లాడబోయే ఇస్సాకు ఎదురొస్తున్నాడని తెలిసి, ఒంటె దిగి ముసుగు వేసుకుంటుంది. ఆ క్షణం.

జనం వస్తారు, "అబ్బ, రాయి అంటే నమ్ముతామా!" అంటారు, ఫోను ఎత్తుతారు, వెళ్తారు. పదిహేడు సెకన్లు కూడా పట్టదు. మీరు ఉండండి.

ముందు దూరంగా, పది అడుగులు వెనక్కి. కళ్లు సగం మూసి చూడండి. ఇది మా డిజైనర్ల పాత చిట్కా. వివరాలు మాయమై వెలుగు, నీడ ముద్దలు మాత్రమే మిగులుతాయి. తల ఎటు వంగింది, బరువు ఏ కాలి మీద ఉంది, ఎక్కడ చీకటి చిక్కగా ఉంది, ఇవి ఇలాగే తెలుస్తాయి.

తర్వాత దగ్గరికి, రానిచ్చినంత దగ్గరికి. ఇప్పుడు ముఖం మీద ఒకే ప్రశ్న పెట్టుకోండి: ముసుగు ఎక్కడ అయిపోయి చర్మం ఎక్కడ మొదలైంది? కంటితో ఆ అంచు వెతకండి. నాకు ఐదారు నిమిషాలు పట్టింది ఒప్పుకోవడానికి, అసలు అలాంటి అంచే లేదు. లోపల ముఖం లేదు, పైన గుడ్డ లేదు. ఉన్నది ఒకటే రాయి, ఒకటే ఉపరితలం. నుదుటి మీదుగా, బుగ్గ మీదుగా సన్నటి గట్లు గీసుకుంటూ పోయాడు. ఆ గట్లను మన కన్ను గుడ్డ ముడత అనుకుంటుంది, గట్టుకూ గట్టుకూ మధ్య నున్నటి జాగాను గుడ్డ అంటుకున్న చర్మం అనుకుంటుంది. ముసుగును నేసింది మన కళ్లే. శిల్పి దారం అందించాడంతే.

వీలైనంత పక్కకు జరిగి చూడండి. పక్కనుంచి మాయ కొంచెం పలచబడుతుంది, గట్లు గట్లుగానే కనబడతాయి. మళ్లీ ముందుకు రండి. ఈసారి తెలిసి కూడా మోసపోతారు.

ఇంతలో ఒక సంగతి జరుగుతుంది, ముందే చెప్పి ఉంచుతున్నాను. నాలుగో నిమిషం దగ్గర విసుగొస్తుంది. తప్పకుండా వస్తుంది. చెయ్యి దానంతట అదే జేబు తడుముకుంటుంది. "చూసేశాను కదా, ఇంకేముంది?" అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే కదిలిపోతారు. మీరు కదలకండి, బెంచీ ఉంటే కూర్చోండి, నోట్‌బుక్ తీసి కనిపిస్తున్నది మామూలు మాటల్లో రాయండి. "ఎడమ పక్క మడత మోకాలి దాకా వచ్చి ఆగింది" లాంటివి. "అద్భుతం", "కళ్లు చెదిరాయి" వద్దు. అలాంటివి మా షాపులో ఫాంటుతో సహా రెడీగా ఉంటాయి. ఆరో నిమిషమో ఏడో నిమిషమో, అప్పటిదాకా కనబడనిది ఒకటి కనబడుతుంది. విసుగు ఎప్పుడు పోయిందో గుర్తుండదు.

చివరగా బొమ్మకు వీపు తిప్పి, గొంతులోనే చెప్పుకోండి: చేతులు ఎక్కడున్నాయి? ఏ చెయ్యి ఏం పట్టుకుంది? పాదాలకు చెప్పులున్నాయా? ఇరవై నిమిషాలు చూశాక కూడా మొదటిసారి నేను చేతులు తప్పు చెప్పాను. మళ్లీ తిరిగి చూసి నాలుక్కరుచుకున్నాను.

శిల్పం కాకుండా చిత్రమైతే పద్ధతి కొంచెం మారుతుంది. మధ్యలో ఉన్న మనిషిని వదిలేసి నాలుగు మూలల నుంచి మొదలుపెట్టండి. మూలల్లో చిత్రకారుడు ఏం చేశాడో చూస్తే అతని ఓపిక తెలుస్తుంది. వెలుగు ఎటునుంచి వస్తోంది? అసలు రంగులు ఎన్ని? తోట వైకుంఠం వేసిన తెలంగాణ ఆడవాళ్లను చూసే ఉంటారు, పెద్ద కుంకుమ బొట్టు, పక్కకు తిరిగిన ముఖం, మండే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చీరలు. నేను ఫ్లెక్సీలో వాడే రంగులూ ఇంచుమించు అవే. ఆ చిత్రం ముందు చాలాసేపు ఇదే ఆలోచించాను, అదే ఎరుపు అక్కడ ఎందుకు కళ్లకు కొట్టడం లేదు, నా దగ్గర ఎందుకు కొడుతోంది? అక్కడ ఎరుపు ఎరుపే. దానికి స్ట్రోక్ లేదు, నీడ లేదు, మెరుపు లేదు, పక్కన ఇంకో ఐదు ఎరుపులు లేవు. రంగును నిందించి లాభం లేదన్నమాట.

లేబుల్ ఆఖర్న, గోడ మధ్యలో

లేబుల్ ముందే చదివితే కన్ను దాన్ని సరిచూసుకునే గుమస్తా అయిపోతుంది. ముందు చూడండి, తర్వాత చదవండి, చదివాక ఒక నిమిషం మళ్లీ చూడండి.

ఈ మధ్యలో బొమ్మకూ బొమ్మకూ మధ్యనున్న గోడను కూడా ఒకసారి చూడండి. నవ్వులాటకు చెప్పడం లేదు. నా దగ్గరికి వచ్చే కస్టమర్లలో పదిమందికి తొమ్మిది మంది డిజైన్ చూడగానే అనే మాట, "ఇక్కడ ఖాళీ ఉంది కదన్నా, ఇంకో ఫేసు పడుతుంది." ఖాళీ అంటే వాళ్లకు దండగ. చదరపు అడుగుకు ఇంత అని డబ్బులిచ్చారు కాబట్టి నింపాల్సిందే. గ్యాలరీలో అంత ఖరీదైన గోడను ఉత్తగా వదిలేశారు. ఆ వదిలేసినదాని వల్లే పక్కనున్న బొమ్మ కనబడుతోంది. ఒక నిమిషం ఆ తెల్ల గోడ మీదే కళ్లు ఆనించి ఉంచండి, ఎంత హాయిగా ఉంటుందో.

పిల్లలు, చుట్టాలు వెంట ఉంటే

సుతారంగా చెప్పలేను, ఒంటరిగా వెళ్లడమే మంచిది. తప్పనప్పుడు, "అత్తయ్యా, మీరు ఈ గదిలో మీకు నచ్చినదొకటి చూసిపెట్టండి, పావుగంట తర్వాత నాకు చూపించండి" అనండి. పెద్దవాళ్లకు చూపించే బాధ్యత ఇస్తే ఎంతసేపైనా ఓపిగ్గా చూస్తారు. పిల్లలకు వేట ఇవ్వాలి, "ఈ గదిలో ఎన్ని కుక్కలున్నాయి?" లాంటిది.

సాలార్‌జంగ్‌లో అయితే గడియారం వదలకండి. గంట కావస్తుంటే జనం చేరి కూర్చుంటారు, ఒక గడ్డం బొమ్మ బయటికొచ్చి గంటలు కొట్టి లోపలికి పోతుంది. నాకు అందులో బొమ్మకంటే జనం ఇష్టం. ఆ మ్యూజియం మొత్తంలో మనవాళ్లు కదలకుండా ఒకేవైపు చూస్తూ కూర్చునేది అక్కడొక్కచోటే. మా మేనల్లుడికి అదొక్కటే ఎందుకు గుర్తుందో చాలా రోజులకు అర్థమైంది. వాడు దానికోసం ఎదురుచూశాడు.

గేటు బయట పది నిమిషాలు

ఒకటో రెండో బొమ్మలు చూశాక బయటికొచ్చేయండి. గంటన్నర దాటొద్దు. "ఇంత దూరం వచ్చాం కదా" అనే మాటను లోపలే వదిలేయండి.

ఫోను వెంటనే ఆన్ చేయకండి. గేటు బయట టీ తాగుతూ ఎదురుగా కనిపించే మొదటి ఫ్లెక్సీనో హోర్డింగునో ఇప్పటిదాకా బొమ్మను చూసినట్టే చూడండి. కళ్లు సగం మూయండి, ఏం మిగిలింది? రంగులెన్ని, అక్షరాల రకాలెన్ని? ఫేసుల సైజులు చూడండి, అందులో ఒక పద్ధతి ఉంటుంది. పెద్దనాయకుడు అందరికంటే పెద్దగా, తర్వాత జిల్లా, తర్వాత మండలం, డబ్బులిచ్చినవాడు కుడిపక్క నిలువెత్తున దండం పెడుతూ, అతని స్నేహితులు కింద గుండ్రటి బిళ్లల్లో వరసగా. ఒక బిళ్ల పక్కవాడికంటే చిన్నదైతే రాత్రి పదకొండుకు నాకు ఫోనొస్తుంది. ఆ గుండ్రాల్లో ఒక్క ముఖాన్ని ఎంచుకుని నిజంగా చూడండి. పాస్‌పోర్టు ఫోటో నుంచి కత్తిరించినది, చెవి కొంచెం తెగింది, మనిషి కొంచెం భయపడుతున్నాడు. రోజూ వందల్లో దాటిపోయే వాటిలో ఒకటి, తనూ ఒక మనిషి బొమ్మేనని అప్పుడు కనబడుతుంది.

ముందు రోజు లెక్క తప్పిన కాగితం తీయండి. ఇంటికెళ్లేదాకా మళ్లీ లెక్కపెట్టండి. ఈసారి ఎక్కువ దూరం లెక్క సాగుతుంది, కొంచెం చిరాకు కూడా పుడుతుంది. బస్సులో అయితే కిటికీ పక్క సీటు కాకుండా నడవా పక్కది తీసుకోండి. మొదట్లో ఆ గోల భరించడం కష్టం.

ఇంట్లో చేయగలిగినవి

పెద్ద వ్రతాలేమీ వద్దు. నేను నిలబెట్టుకున్నవి ఇవే.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాకు వెళ్లి మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేశాను. శుభోదయాలు ఇప్పుడు మసకగా వచ్చి ఆగుతాయి. పెద్దమ్మ పంపినది మాత్రం నొక్కి చూస్తాను, మిగతావి అలాగే ఉంటాయి.

రాత్రి తొమ్మిది తర్వాత ఫోను నలుపు-తెలుపు. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌లోని బెడ్‌టైమ్ మోడ్‌లో గ్రేస్కేల్ ఉంటుంది. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీలో కలర్ ఫిల్టర్స్ కింద ఉంటుంది. రంగు తీసేస్తే రీల్స్ ఎంత చప్పగా ఉంటాయో ఒక్కరోజు చూడండి.

ఇంట్లో ఒక గోడ ఖాళీ. క్యాలెండర్లు అన్నీ వంటింట్లోకి వెళ్లాయి. ఆ గోడ మీద ఒకే ఒక్క బొమ్మ, నెలకోసారి మారుస్తాం. మా ఆవిడ మొదట "మేకులు వృథా" అంది. ఇప్పుడు ఈ నెల ఏది పెట్టాలో తనే చెబుతోంది.

స్క్రోలింగ్ మాత్రం పూర్తిగా మానలేకపోయాను. కానీ ఒక సంగతి తెలిశాక దాని తీరు మారింది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే కథల పటాలున్నాయి కదా, ఎర్ర నేపథ్యం మీద వరసలు వరసలుగా బొమ్మలు. ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, గంజి, సుద్దమట్టి పట్టించి దాని మీద వేస్తారు. పాతవి మూడడుగుల వెడల్పు, నలభై, యాభై అడుగుల పొడవుండేవి. నిజానికి అవీ స్క్రోల్సే. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు ఊళ్లోకొచ్చి ఆ చుట్టను విప్పేవాళ్లు. కానీ ఒక బొమ్మ దగ్గర కథ అయ్యేదాకా తర్వాతి బొమ్మ విప్పేవాళ్లు కాదు. పాడేవాళ్లు, ఆడేవాళ్లు, వేలు పెట్టి చూపించేవాళ్లు, రాత్రులకు రాత్రులు గడిచేవి. నేనిప్పుడు ఫోనులో ఒక బొమ్మ దగ్గర ఆగితే, దాని గురించి పక్కవాళ్లకు ఒక వాక్యం చెప్పేదాకా వేలు జరపను. పక్కన ఎవరూ లేకపోతే నాకే చెప్పుకుంటాను. ఐదారు బొమ్మలకే చాలనిపిస్తుంది. చేర్యాల వెళ్తే చిత్రకారుల ఇళ్లలోనే ఆ పటాలు చూడొచ్చు, అదీ ఒక గ్యాలరీయే.

రెండోసారి

రెండు మూడు నెలలాగి అదే చోటికి, అదే బొమ్మ దగ్గరికి వెళ్లండి. కొత్తది కాదు. పాత నోట్‌బుక్ తీసుకెళ్లండి గానీ, ముందే తెరవకండి. మళ్లీ చూసి, మళ్లీ రాసి, అప్పుడు పాత పేజీ తిప్పి పోల్చండి. పాత పేజీలో మీరు చూడనివి, కొత్త పేజీలో మీరు మరిచినవి రెండూ కనబడతాయి.

నా నోట్‌బుక్‌లో రెబెకా మూడుసార్లు ఉంది. చేతుల సంగతి మూడోసారి సరిగ్గా వచ్చింది. ఏ చెయ్యి ఎక్కడుందో ఇక్కడ రాయడం లేదు, శుక్రవారం కాకుండా ఏ రోజైనా వెళ్లి చూడండి.